మోటారు కనపడని సముద్రం

మా ఆయన మోటార్లు అమ్ముతాడు. బోరు మోటార్లు, బావి మోటార్లు, ఇంటి కుళాయికి తగిలించుకునే చిన్న మోటార్లు, వాటికి కావలసిన పైపులు, వాల్వులు, వైర్లు. నందికొట్కూరు బజారులో ఆ దుకాణం మా మామగారి కాలం నుంచీ ఉంది. మా వైపు నీళ్ళు ఎవరో ఒకరు లాగితే తప్ప పైకి రావు కాబట్టి గిరాకీ లేని రోజంటూ ఉండదు. ఇంట్లో కూడా మంచం కింద మోటార్లు, అటక మీద మోటార్లు, పూజగది తలుపు వెనక ఒక పాత మోటారు. దానికి మా అత్త దసరాకు బొట్టు పెడుతుంది.

నేను పుట్టింది ఆలూరు వైపు. అక్కడ మా ఇంట్లో మోటారు లేదు, ఎందుకంటే లాగడానికి నీళ్ళు లేవు. పెళ్ళిచూపులప్పుడు మా ఆయన నీకేం ఇష్టమని నన్ను అడిగాడు. నగలో చీరలో చెప్తానని అనుకున్నట్టున్నాడు. "సముద్రం చూడల్ల," అన్నాను. "ఓస్, అదేం పెద్ద పని!" అన్నాడు. ఆ మాట పట్టుకునే నేను ఒప్పుకున్నాను. మనిషి బాగానే ఉన్నాడు, అది వేరే సంగతి.

పెళ్ళయ్యాక తెలిసింది, ఆ దుకాణానికి సెలవనేది లేదని. ఎండాకాలం బోర్లు అడుగంటుతాయి, మోటార్లు ఇంకా లోతుకు దింపాలి. వానాకాలం పిడుగులకు మోటార్లు కాలిపోతాయి. మిగతా కాలం కరెంటు హెచ్చుతగ్గులకు కాలిపోతాయి. "రైతు మోటారు ఎత్తుకోని వచ్చే టయానికి అంగడి మూసింటే పైరు ఎండిపోతాదే," అంటాడు. అది నిజం కాబట్టే నాకు ఇంకా మంట. అబద్ధమైతే పోట్లాడవచ్చు. పిల్లలు పుట్టారు, పెరిగారు, హాస్టళ్ళకు పోయారు. నేను మాత్రం టీవీలో తుఫాను వార్తలు వచ్చినప్పుడల్లా పొయ్యి ఆపి వచ్చి నిలబడేదాన్ని. వార్తలు చదివే అమ్మాయి దిగులుగా ఏదో చెప్తుంటే, ఆ అమ్మాయి వెనకాల లేచి పడే నీళ్ళను చూసేదాన్ని.

ఇట్లా ఉండగా మోటార్ల కంపెనీ వాళ్ళు డీలర్లందరినీ బెంగళూరు పిలిచి ఒక పెద్ద హోటల్లో దించారు. మా ఆయన తిరిగొచ్చి చెప్పు కూడా విడవకుండా నడవలో నిలబడి, "ఏమ్మే, ఇంక నువ్వు సముద్రానికి పోయే పనిలే. సముద్రాన్నే నీ కాడికి తెస్తాండా," అన్నాడు.

హోటల్ హాల్లో గోడంత గాజు తొట్టి చూశాడట. అందులో ఉప్పునీళ్ళు, రాళ్ళు, రాళ్ళ మీద బతికున్న పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. నీళ్ళు అటూ ఇటూ ఊగుతుంటే పగడాలు కూడా ఊగుతున్నాయట.

"నేనడిగింది సముద్రమయ్యా, చేపల తొట్టి కాదు."

"చేపల తొట్టి కాదే పిచ్చిదానా. సముద్రంలోని తునకే అది. అలలు కూడా ఉంటాయి."

"తొట్టిలో అలలు యాడ్నుంచి వస్తాయి?"

ఆయన కొంచెం తడబడ్డాడు. "మోటారు పెడతారు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో మోటారు తగలకుండా కాలు చాపడానికి చోటు లేదు, చివరికి నా సముద్రానికి కూడా మోటారేనా అని అరిచాను. మా అత్త పడసాలలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మంగంపేట దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి, గనుల మోతలో పెరిగింది కాబట్టి మా అరుపులు ఆవిడకు లెక్క కాదు. తల ఎత్తకుండానే, "వాడు మోటారు కనపడకుండా పెడితే ఒప్పుకుంటావా?" అని నన్ను అడిగింది.

పందెం అక్కడ పుట్టింది. తొట్టి పెట్టిన నాటి నుంచి ఉగాది దాకా గడువు. మా ఇంటికి వచ్చిన బయటివాళ్ళలో ఏ ఒక్కరైనా వేలు పెట్టి 'మోటారు ఇదిగో ఈడుండాది' అని సరిగ్గా చూపిస్తే, మా ఆయన దుకాణానికి తాళం వేసి నన్ను సముద్రానికి తీసుకుపోవాలి. ఎవరూ కనుక్కోలేకపోతే నేను ఈ జన్మలో మళ్ళీ సముద్రం మాట ఎత్తకూడదు. ఇంట్లోవాళ్ళు నోటితో గానీ కంటితో గానీ సైగ చేయకూడదు. వచ్చినవాళ్ళు సరిగ్గా చూపిస్తే మాత్రం దాచకుండా ఔననాలి. తీర్పు చెప్పేది అత్త. మోటార్లతో బతికే ఊళ్ళో, మోటార్లు కొనడానికి వచ్చే మనుషుల మధ్య, ఒక మోటారును దాచడం అయ్యే పని కాదని నాకు గట్టి ధైర్యం. బట్టలు సర్దుకోవడం ఒక్కటే తక్కువ అనుకున్నాను.

తొట్టి బెంగళూరు నుంచి వ్యానులో వచ్చింది. మంచమంత పొడవు. ముందు గదిలో కడప బండలతో దిమ్మె కట్టించి దాని మీద ఎక్కించారు. నీళ్ళు నింపడం మొదలుపెట్టాక మా అత్త గడప దగ్గర నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. ఫిల్టరు నీళ్ళ క్యాన్లు ఒక్కొక్కటే వంచుతున్నారు, డ్రమ్ములో సముద్రపు ఉప్పు కలుపుతున్నారు. ఆవిడ జీవితమంతా ఉప్పు లేని నీళ్ళ కోసం బిందె పట్టుకుని తిరిగిన మనిషి.

"ఓరి నాయనా, తాగే నీళ్ళల్లో ఉప్పు కలుపుతాండారు గదరా! మన బోరు నీళ్ళు ఉప్పగానే ఉండాయి గదా, అవి పోస్తే సరిపోదా?"

"ఆ ఉప్పు వేరే మా, ఈ ఉప్పు వేరే," అన్నాడు మా ఆయన.

"ఉప్పులో కూడా వేరే వేరే ఉంటాయంట," అని ఆవిడ నావైపు చూసింది. నేను పందెంలో ఉన్నాను కాబట్టి ఇంకో క్యాను అందించాను.

ఇక మోటారు. తొట్టి అమ్మినవాళ్ళు నీళ్ళు కదిపే మోటార్లు కూడా ఇస్తామన్నారు. వాటిని వేవ్‌మేకర్లంటారట. మా ఆయనకు పరువు అడ్డొచ్చింది. మోటార్ల అంగడి పెట్టుకోని మోటారు బయట కొంటే నలుగురూ నవ్వరా అన్నాడు. దుకాణంలోంచి ఎయిర్ కూలర్లో పెట్టే పంపు ఒకటి తెచ్చి తొట్టి మూల పెట్టి స్విచ్ వేశాడు. అది నీళ్ళను ఒకే ధారగా కొట్టింది. ధార పోయి అడుగున పరిచిన తెల్ల ఇసుకకు తగిలింది. ఇసుకంతా పైకి లేచి, నా సముద్రంలో ఆలూరు గాలిదుమారం వచ్చింది. కాసేపటికి ఇసుక దిగాక చూస్తే ఎదురు గాజు దగ్గర కూలర్ ధార కొట్టిన చోట ఇసుకలో గుంట పడి, అడుగు గాజు కనబడుతోంది. అప్పటికి చేపలు వేయలేదు కాబట్టి సరిపోయింది.

ఆ పంపును దాచడానికి ఆయన వేసిన ఎత్తు ఇంకా గొప్పది. మంగంపేటలో ఉన్న మేనమామకు ఫోన్ చేసి ముగ్గురాళ్ళు తెప్పించాడు. ముగ్గురాయి అంటే గనుల్లోంచి తీసే తెల్లటి రాయి, చూడ్డానికి పిడికెడు, ఎత్తితే చెయ్యి ఊడొస్తుంది. ఆ రాళ్ళ సంచీ మోసుకొచ్చిన మేనమామ రెండు పూటలు మంచం దిగలేదు. మా ఆయన వాటిని పంపు చుట్టూ పేర్చుతూ, సంబరం పట్టలేక తొట్టి అమ్మినవాడికి ఫోటో పంపాడు. అవతలివాడు వెంటనే ఫోన్ చేసి అరిచిన అరుపు వంటింట్లోకి వినిపించింది. అంత బరువు రాళ్ళు పెడితే అడుగు గాజు పగులుతుంది, పైగా ఆ రాయిలో ఏమేముందో ఎవడికి తెలుసు, పగడాలు చస్తాయి, ముందు తీసెయ్యి అని. నేను పరుగెత్తుకొచ్చి కొంగు నడుముకు చుట్టుకుని ఆ రాళ్ళన్నీ తీశాను. ఇప్పుడవి మా పెరట్లో బట్టలుతికే బండ చుట్టూ ఉన్నాయి.

చివరికి ఆయన పరువు పక్కన పెట్టి, పగడాలు, చేపలు, వాటికి కావలసిన గుల్ల రాళ్ళతో పాటు వేవ్‌మేకర్లు కూడా తెప్పించాడు. నల్లగా, నిమ్మకాయకన్నా కొంచెం పెద్దగా ఉన్నాయి, రెండు. గాజుకు లోపల మోటారు, బయట అయస్కాంతం, ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడతాయి. అమ్మినవాడు స్పీకర్ ఫోన్లో వివరంగా చెప్పాడు. సముద్రానికి జోరు ముఖ్యం కాదు, నీళ్ళు వెడల్పుగా, మెత్తగా కదలాలి. కాసేపు ఇటు నుంచి, కాసేపు అటు నుంచి, మధ్యలో ఊపిరి తీసుకున్నట్టు ఆగాలి. పగడం ఉన్నచోటు నుంచి కదలలేదు కాబట్టి తిండి దాని దగ్గరికి నీళ్ళే తీసుకురావాలి, దాని మీది మురికిని నీళ్ళే తీసుకుపోవాలి. నీళ్ళు చేరని మూల ఒక్కటున్నా అక్కడ కుళ్ళు పడుతుంది. మా ఆయన మధ్యలో, "ఎన్ని హెచ్‌పీ?" అని అడిగాడు. అవతలివాడు మొదటి నుంచీ మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు. నాకు మాత్రం ప్రతి ముక్కా అర్థమైంది. తొట్టెలో చీరలు జాడించే ఆడదానికి నీళ్ళు ఏ మూల తిరుగుతాయో, ఏ మూల తిరగవో చెప్పక్కర్లేదు.

మా ఆయన దాచడం మొదలుపెట్టాడు. తొట్టిలో పేర్చిన గుల్ల రాళ్ళ మధ్య బొరియలాంటిది చేసి, మోటార్లను అందులోకి కుక్కి, ముందు ఇంకో రాయి అడ్డం పెట్టాడు. మోటారు కనబడలేదు, నిజమే. ఊపిరాడక గుర్రుమనేది. నీళ్ళు కదలక వెనక మూల ఇసుక మీద గోధుమరంగు జిగురు పరుచుకుంది. మెత్తటి పగడం ఒకటి, చేతివేళ్ళలా విచ్చుకోవాల్సింది, పిడికిలి మూసుకుని కూర్చుంది. తెల్ల పట్టీల నారింజ చేపలు రెండూ పైకొచ్చి మూతులు బయట పెట్టేవి. మా ఆయన మాత్రం గది తలుపు దగ్గర నిలబడి, "కనపడతాందా? ఏం కనపడతాంది?" అని మురిసిపోయేవాడు.

"మోటారు దాగింది, సముద్రం చస్తాంది," అన్నాను.

"చావదులే. అలవాటు పడతాది."

అలవాటు పడిన ఆడదాన్ని ఇంట్లో పెట్టుకుని ఆ మాట నాతోనే అన్నాడు. ఆయన దుకాణానికి పోగానే జాకెట్టు చేతులు పైకి లాక్కుని నీళ్ళలో చెయ్యి పెట్టాను.

ఇక్కడ మా వీధి సంగతి చెప్పాలి. మా కుళాయికి రోజు విడిచి రోజు పొద్దున కాసేపు నీళ్ళు వస్తాయి. వస్తాయంటే పైపు నోట్లో తడి కనబడుతుంది. దాన్ని పైకి లాగాలంటే మోటారు తగిలించాలి. ఒకరు తగిలిస్తే పక్కింటికి ఆ తడి కూడా రాదు, కాబట్టి మోటార్లు పెట్టకూడదని రూలు. కాబట్టే అందరూ పెడతారు. నీళ్ళ ఆఫీసువాళ్ళు తనిఖీకి వస్తే వీధి మొదటింటావిడ స్టీలు తట్ట మీద గరిటెతో కొడుతుంది. రెండో ఇల్లు అందుకుంటుంది, మూడో ఇల్లు అందుకుంటుంది. ఆ మోత వీధి చివరికి చేరేలోపు మోటార్లన్నీ ఆగి, ఊడి, మాయమవుతాయి. మాది బియ్యం డబ్బాలోకి పోతుంది. పక్కింట్లో పిడకల కుప్ప కిందికి. ఎదురింటావిడ ఒకసారి వేరే దారి లేక మోటారును ఉయ్యాల్లో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, తనిఖీవాళ్ళు వెళ్ళేదాకా జోకొట్టింది. ఎవరైనా 'మీ ఇంట్లో మోటారుందా' అంటే 'లేదు' అనే మాట మా నోట్లో ఉమ్మి కన్నా ముందు ఊరుతుంది. మోటార్లు అమ్మడం మా ఆయనకు తెలుసు గానీ, దాచడం మా ఇంట్లో ఆడవాళ్ళ పని.

ముందు అడ్డం పెట్టిన రాయి తీసేశాను. మోటార్లను వెనక గాజుకు పైమూలల్లో అంటించి, చుట్టూ చెయ్యి పట్టేంత ఖాళీ వదిలాను. వాటి ముందు గుల్ల రాళ్ళను తోరణంలా నిలబెట్టాను, నీళ్ళు కింద నుంచీ పక్క నుంచీ లోపలికి పోయేట్టు. మోటారు మూతి పగడాల వైపు కాకుండా ముందు గాజు వైపు ఏటవాలుగా తిప్పాను. అప్పుడు ధార గాజుకు తగిలి విరిగి, తొట్టంతా మెత్తగా పరుచుకుంది. వైరును మూలలో గాజులు అతికించిన నల్ల జిగురు వెంబడే పైకి తీసుకుపోయాను. ఇంకా వెనక గోడ సున్నం తెల్లగా ఉండి, నల్ల మోటారు దిష్టిచుక్కలా కనబడుతోంది. దిమ్మె కట్టగా మిగిలిన నున్నటి కడప బండ ఒకటి గాజు వెనక నిలబెట్టించాను. నలుపులో నలుపు కలిసిపోయింది. వెనక అయస్కాంతాలు కూడా బండ చాటుకు పోయాయి.

మర్నాటికల్లా ఆ మెత్తటి పగడం పిడికిలి విప్పింది. వేళ్ళన్నీ చాపి, కాసేపు ఇటు, కాసేపు అటు ఊగింది. నాకు ఎంత సంతోషమైందంటే వంటింట్లోకి పోయి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత పోపు మాడింది. ఎందుకంటే అప్పుడు గుర్తొచ్చింది, మోటారు ఎక్కడుందో నేనే ఒక్క నిమిషం వెతుక్కున్నానని. నా కొంప నేనే ముంచుకున్నాను. ఓడిపోవడానికి అంత శ్రద్ధగా పని చేసిన మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

దుకాణానికి వచ్చిన రైతులంతా మా ఇంటికి వచ్చి సముద్రం చూసిపోవడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళందరికీ నేనే కాఫీలిచ్చాను. వాళ్ళు మోటారు లేకుండా నీళ్ళు కదలవని తెలిసిన మనుషులు. ఒకాయన దిమ్మె కింద వంగి చూసి, "కింద బోరేమైనా ఏసినారా సావుకారీ?" అన్నాడు. ఇంకొకాయన ఫ్యాను ఆపించి చూశాడు, గాలికి కదులుతోందేమోనని. ఫ్యాను ఆగినా అలలు ఆగకపోయేసరికి చెప్పులు బయట విడిచొచ్చి దండం పెట్టాడు.

నా ఆశంతా మోటార్లకు వైండింగు చుట్టే మెకానిక్కు మీద. మోటారు శబ్దం విని ఏ బేరింగు అరిగిందో చెప్పగల మనిషి. అతను వచ్చిన రోజు కాఫీతో పాటు ఉగ్గాని, బజ్జీ కూడా పెట్టాను. అతను చాలాసేపు చూశాడు. ముందు నుంచి, పక్క నుంచి, కూర్చుని. గాజుకు చెవి ఆనించాడు. అత్త నా కళ్ళ వైపే చూస్తోంది, సైగ చేస్తానేమోనని. అందుకని పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాను.

"తెలిసిందక్కా," అన్నాడు చివరికి.

"ఏం తెలిసిందప్పా?"

"చేపలే. తోకలతో కొడ్తాండాయి గదా, నీళ్ళు దానికే కదుల్తాండాయి. శానా బలమైన చేపలు."

అవి రెండూ కలిపి నా చిటికెనవేలంత లేవు. అతని ముందు నుంచి బజ్జీల తట్ట తీసేశాను.

ఇంకో కష్టం కరెంటు. కరెంటు పోతే కాసేపు ఇన్వర్టరు లాగేది, తర్వాత అలలు ఆగిపోయేవి. నీళ్ళు కదలకపోతే చేపలకు ఊపిరాడదు. నేను స్టూలు వేసుకుని కూర్చుని, మోచేతి దాకా నీళ్ళలో పెట్టి, కాసేపు ఇటు, కాసేపు అటు తిప్పేదాన్ని. చెయ్యి నొప్పి పుడితే ఇంకో చెయ్యి. ఎండాకాలం దగ్గర పడేకొద్దీ కోతలు ఎక్కువయ్యాయి. నేను సీరియల్ చూస్తూ, కూరగాయలవాడితో బేరమాడుతూ, పిల్లలతో ఫోన్లో మాట్లాడుతూ సముద్రాన్ని తిప్పాను. ఆ మధ్యలోనే గులాబీ, ఊదా రంగు పొర ఒకటి రాళ్ళ మీద పెరిగి మెల్లగా మోటార్ల మీదికి కూడా పాకింది. పగడాలున్న నీళ్ళలో అది సహజమట. నల్ల మోటారు కాస్తా ఊదారంగు రాయి అయి కూర్చుంది. దాన్ని చూసి మా ఆయన పొంగిపోయాడు. నేను ఉగాదికి ఇంకా ఎన్ని రోజులుందో క్యాలెండర్లో లెక్కపెట్టుకున్నాను.

ఉగాది ఇంకో వారంలో ఉందనగా ఒక పొద్దున వీధి మొదట్లో తట్ట మోగింది. మా అత్త అప్పుడే కుళాయి మోటారు వేసి బిందె పెట్టింది. మోత మా ఇంటికి వచ్చేలోపు ప్లగ్గు పీకి, పైపు ఊడదీసి, మోటారును బియ్యం డబ్బాలో పూడ్చి, మూత పెట్టి, దాని మీద కూర్చుని చింతపండు ముందేసుకుంది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో మా ముందు గదిలోంచి సన్నగా గుయ్‌మని వినబడింది.

నీళ్ళ ఆఫీసు ఆయన గడపలోనే ఆగిపోయాడు. వెనక ఇద్దరు మనుషులు. "మోటారు శబ్దం వస్తాండాది," అన్నాడు. శబ్దం పట్టుకుని నేరుగా తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు. మా ఆయన దుకాణానికి పోబోతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గుండీ మీద చెయ్యి అట్లాగే ఆగింది.

"ఇదేందమ్మా?"

"సముద్రం నాయనా," అంది అత్త డబ్బా మీద నుంచి.

ఆయన ముక్కు గాజుకు ఆనించి చూశాడు. నీళ్ళు ఎడమ నుంచి ఊగి ఆగాయి, కుడి నుంచి ఊగి ఆగాయి. ఆయన చూపు ఆ ఊపు వెంబడే మెల్లగా వెనక్కి పోయింది. గులాబీ తోరణం మీద ఆగింది. వేలు ఎత్తి సరిగ్గా, తల వెంట్రుక వాసి తప్పకుండా, ఊదారంగు ముద్ద మీద పెట్టాడు.

"ఈడుండాది గదా మోటారు?"

నాకు ఇసుక కనబడింది, అలలు కనబడ్డాయి, మా దుకాణానికి వేసిన తాళం కూడా కనబడింది. ఔనంటే చాలు. చేపల తొట్టిలో మోటారు ఉండకూడదని ఏ రూలూ లేదు. ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నది ఆయన వేలి చివర ఉంది.

"లే సార్," అన్నాను. "మా ఇంట్లో మోటారే లే."

నా నోరే అన్నది. నేను ఆపేలోపు అనేసింది.

"మరి ఈ నీళ్ళెట్ల కదుల్తాండాయి?"

"సముద్రం గదా సార్. అట్లే కదుల్తాది."

ఆయన నావైపు చూశాడు. ఆ వీధిలో అప్పటికే ఎన్ని ఇళ్ళలో ఆ మాట విన్నాడో, ముఖం బాగా అలిసిపోయి ఉంది. సరేలేమ్మా అని, ఇంకోసారి అలల వైపు చూసి వెళ్ళిపోయాడు.

వాళ్ళు వీధి మలుపు తిరిగారు. తర్వాత నేను అత్త మీద పడ్డాను. "ఆయప్ప చూపించినాడు అత్తా! వేలు పెట్టి చూపించినాడు! నువ్వు చూస్తివి గదా!"

"చూపించినాడు. నువ్వు లేదంటివి గదమ్మా. ఔననుంటే అయిపోయేది."

"నేను లేదనింది ఎవురి కోసం? నువ్వు కూర్చున్న డబ్బా కోసం గదా!"

అత్త కాసేపు చింతగింజ తీసింది. "లేదన్నాక లేనట్టే," అంది. అదే తీర్పు.

ఆ సాయంత్రం మా ఆయన మల్లెపూలు, జిలేబీ తెచ్చాడు. నేను ఆయనతో మాట్లాడలేదు. ఉగాది దాకా పప్పులో ఉప్పు వేయలేదు, ఉగాది పచ్చడిలో కూడా వేయలేదు. అడిగితే, ఇంట్లో ఉప్పంతా నీ సముద్రానికే అయిపోయిందన్నాను. పందెం ఓడిన కోపం కాదది. గెలుపు చేతిలోకి వచ్చి కూర్చుంటే నా అంతట నేనే తోసేశానే, ఆ ఏడుపు. ఇచ్చిన మాట ప్రకారం సముద్రం ఊసు మాత్రం ఎత్తలేదు. కరెంటు పోయినప్పుడల్లా స్టూలు వేసుకుని చెయ్యి తిప్పుతూనే ఉన్నాను.

అట్లా తిప్పుతున్న ఒక మధ్యాహ్నం, మా ఆయన అన్నానికి వచ్చి కూర్చున్నాడు. అత్త నా చెయ్యి వైపు చూస్తూ, కొడుకుతో అంది: "అప్పా, నాకు సముద్రం చూడాలనుండాది."

ఆయన ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "ఇంట్లోనే ఉండాది గద మా."

"ఇది నీ పెండ్లాం తిప్పితే తిరిగే సముద్రం. ఎవురూ తిప్పకుండా తిరిగేది చూడల్ల నేను. పందెం కాసింది మీరిద్దరు. నేను కాయలే."

ఆయన ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. అమ్మను కాదనలేడు. ఒంటరిగా పంపలేడు. తాను పోదామంటే దుకాణం, దుకాణం సంగతి అటుంచితే తొట్టి. ఆ సముద్రాన్ని వదిలి అందరూ ఒకేసారి పోవడానికి లేదు, ఎవరో ఒకరు ఉండాలి. తగ్గిన నీళ్ళు పోయాలి, చేపలకు మేత వేయాలి, కరెంటు పోతే తిప్పాలి. చివరికి అత్తకు తోడు నేను పోయేట్టు, తొట్టికి తోడు ఆయన ఉండేట్టు తేలింది. నేను నోరు తెరిచి ఒక్క మాట కూడా అడగలేదు. అత్త కూడా నావైపు చూడలేదు, చీరలు మడత పెట్టుకుంటూ కూర్చుంది.

నంద్యాలలో రైలెక్కి, గుంటూరులో మారి, బాపట్లలో దిగి, ఆటోలో తీరానికి పోయాము. సరుగుడు చెట్లు దాటాక ఆటో ఆగింది. చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచి నీళ్ళ ముందు నిలబడ్డాను. ఏం చేశానో చెప్తే నవ్వుతారు. కళ్ళు వాటంతట అవే ఎడమ మూలకు పోయి వెతికాయి. అక్కడ మూల లేదు. అల వచ్చింది, విరిగింది, పోయింది, ఇంకొకటి వచ్చింది. దాన్ని ఎవరూ లాగడం లేదు. ఎవరూ తట్ట కొట్టడం లేదు, ఎవరూ డబ్బా మీద కూర్చోలేదు. అన్ని నీళ్ళు, ఎవరూ చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండానే ఏడ్చాను.

మా అత్త మోకాళ్ళ దాకా దిగి, దోసిలి పట్టి, నాలిక మీద వేసుకుంది. "ఏమ్మే, అచ్చం మన బోరు నీళ్ళే గదే!" అని గట్టిగా అరిచింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది నాకు.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆయన.

"కరెంటు పోయింది. ఇన్వర్టరు గూడా అయిపోయింది. చేపలు పైకొచ్చి నోర్లు తెరుస్తాండాయి. ఏం జేయల్ల?"

"అంగట్లో లేవా నువ్వు?"

"తాళమేసి వచ్చినా. రైతులు గూడా ఉన్నింటే పొమ్మన్నా. ముందు ఏం జేయల్లో చెప్పు!"

మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన సముద్రం కోసం దుకాణం మూయడం అదే మొదలు. అల ఒకటి వచ్చి చీర కుచ్చిళ్ళు తడిపి పోయింది.

"స్టూలు ఏసుకోని కూర్చో. మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పు."

"తిప్పుతాండా. ఎట్ల తిప్పల్ల? జోరుగానా, మెల్లగానా? ఎంతసేపు?"

నేను ఫోను చెవి మీద నుంచి తీసి, చెయ్యి చాపి, అలల వైపు పట్టుకున్నాను.

"ఇది వింటా తిప్పు," అన్నాను. "ఇది ఆగినప్పుడు ఆపు."